పెళ్ళి హంగుల పుట్టినరోజు

న్యూఢిల్లీ: ఏడాది నిండిన పసివాడి కోసం నగరంలోని ఫంక్షన్ హాలులో ఒక అడవి వెలుస్తుంది. గుమ్మం వద్ద అట్టతో చేసిన ఏనుగు, లోపల పచ్చని బెలూన్ల తోరణం, వేదికపై సింహం బొమ్మతో మూడంతస్తుల కేక్, అమ్మానాన్నలకు, తాతయ్య, నాయనమ్మలకు ఒకే రంగు దుస్తులు. పిల్లలను ఆడించడానికి మైకు పట్టిన యాంకరు, ఫొటోలకు ప్రత్యేక వేదిక, వెళ్ళేటప్పుడు ప్రతి పిల్లవాడి చేతిలో ఒక కానుకల సంచి. అతిథులంతా చేరి కేక్ కోసే వేళకు, ఎవరి పేరిట ఇదంతా జరుగుతున్నదో ఆ పసివాడు తరచు తల్లి భుజంపై నిద్రపోయి ఉంటాడు.

ఇది ఒక్క ఢిల్లీ దృశ్యం కాదు. ముంబయి, బెంగళూరు, హైదరాబాద్‌లలో మొదలైన ఈ ‘థీమ్’ వేడుక ఇప్పుడు జిల్లా కేంద్రాలకూ చేరింది. పసివాళ్ళకు అడవి, సముద్రం, అంతరిక్షం; తల్లిదండ్రుల షష్టిపూర్తికి పాత సినిమా పోస్టర్లు, గ్రామఫోను బొమ్మలు. ఒక ఇతివృత్తాన్ని ఎంచుకుని ఆహ్వానపత్రం నుంచి భోజనాల బల్ల దాకా అన్నింటినీ దానికి అనుగుణంగా తీర్చడం ఈ వేడుకల ప్రత్యేకత. పెళ్ళికి ఉండే హంగులన్నీ పుట్టినరోజుకు వచ్చి చేరాయి. పెళ్ళి ఖర్చుకు ఏదో ఒక మేరకు ఉండే పగ్గాలు మాత్రం దీనికి లేవు. పైగా పెళ్ళి ఒకసారి జరిగేది, పుట్టినరోజు ఏటేటా వచ్చేది.

తేదీ తెలియని తరం

రెండు తరాల క్రితం వరకు దక్షిణాదిన అధిక కుటుంబాల్లో పుట్టినరోజు ఇంటి గడప దాటేది కాదు. తిథినో, జన్మనక్షత్రాన్నో చూసి తలంటి పోసి, కొత్త బట్టలు కట్టి, గుడిలో అర్చన చేయించి, ఇంట్లో పాయసం వండితే వేడుక ముగిసేది. తోటి విద్యార్థులకు చాక్లెట్లు పంచడం ఆ తరువాత వచ్చిన మర్యాద. ఇంగ్లీషు తేదీ ఎంతోమందికి తెలియనే తెలియదు. బడిలో చేర్చుకునేటప్పుడు ఉపాధ్యాయుడు ఉజ్జాయింపుగా రాసుకున్న జూన్ 1 లేదా జూలై 1 తేదీయే ఉద్యోగ విరమణ దాకా అధికారిక జన్మదినంగా నిలిచేది.

జనన, మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా ఆచరణ నెమ్మదిగా సాగింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2005-06లో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 41 శాతం మంది జననాలు మాత్రమే నమోదై ఉన్నాయి. 2019-21 నాటికి ఇది 89 శాతానికి పెరిగింది. 2023లో చట్టాన్ని సవరించడంతో, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి విద్యాసంస్థలో ప్రవేశానికి, ఓటరు జాబితాలో నమోదుకు, ప్రభుత్వోద్యోగానికి జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారమయింది. కచ్చితమైన తేదీ అనేకుల ఇంటికి ముందు సర్కారు కాగితంగా వచ్చింది. వేదికపై బెలూన్లతో అంకెలు పేర్చే ఆచారం దాని వెనుకనే వచ్చింది.

మొదటి పుట్టినరోజును ఘనంగా జరపాలన్న కోరిక వెనుక మరో కారణమూ లేకపోలేదు. 1971లో దేశంలో సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు. 2023 నాటికి ఈ సంఖ్య 25కు తగ్గింది. బిడ్డ ‘ఏడాది గట్టెక్కడం’ అన్న మాటకు ఆ రోజుల్లో ఉన్న బరువు నేటి యువ దంపతులకు తెలియకపోయినా, ఇంట్లోని పెద్దలకు తెలుసు.

తిరుక్కడయూరు పద్ధతి

పెద్ద ఎత్తున జరిపే జన్మదినం మన సంప్రదాయానికి కొత్త కాదు. అయితే అది జీవితపు రెండో అంచున ఉండేది. తమిళనాడులోని మయిలాడుతురై జిల్లా తిరుక్కడయూరు ఇందుకు పేరెన్నికగన్న క్షేత్రం. పదహారేళ్ళకే ఆయువు తీరిన మార్కండేయుడు శివలింగాన్ని కౌగిలించుకోగా, పాశం వేసిన యముణ్ణి శివుడు దండించింది ఇక్కడేనని స్థలపురాణం. ఆ నమ్మకంతో అరవై నిండినవారికి షష్ట్యబ్దపూర్తి, డెబ్బయికి భీమరథ శాంతి, ఎనభైకి శతాభిషేకం జరిపించడానికి కుటుంబాలు ఇక్కడికి తరలివస్తాయి. కొడుకులు, కూతుళ్ళు, మనుమలు కలిసి కలశోదకంతో వృద్ధ దంపతులకు స్నానం చేయిస్తారు. ముదుసలి వరుడు ముదుసలి వధువు మెడలో మళ్ళీ తాళి కడతాడు.

ఊళ్ళోని పురోహితులు, పూలదండలు కట్టేవారు, వంటవారు, బసల యజమానులు ఎందరికో ఈ వేడుకలే జీవనాధారం. ఇక్కడా ఖర్చు ఉంది, వ్యాపారమూ ఉంది. కానీ పండుగ పదేళ్ళకొకసారి. ఖర్చు పెట్టేది సంపాదనలో స్థిరపడిన సంతానం. నేటి నగర వేడుకలో ఈ వరుస తారుమారయింది. ఇంటి వాయిదాలు, బడి ఫీజులు ఇంకా మొదటి మెట్టుమీదే ఉన్న యువ దంపతులు ఏటేటా ఆ ఖర్చును తలకెత్తుకుంటున్నారు.

ఎవరి చేతికి ఎంత

ఈ వేడుకలకు కేంద్రం కేక్. దేశంలో తొలి క్రిస్మస్ కేక్‌ను 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్ళి బాపు తయారు చేశారని ప్రసిద్ధి. నాడు దొరల బల్లమీది వంటకం నేడు ప్రతి వీధి బేకరీలోనూ దొరుకుతోంది. వస్తు, సేవల పన్ను కింద 2017 నుంచి 18 శాతంగా ఉన్న కేక్ పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించారు. వేడుకల నిర్వహణ సేవలు మాత్రం 18 శాతం పరిధిలోనే ఉన్నాయి. అయితే ఏడాదికి రూ.20 లక్షల లోపు వ్యాపారం చేసే సేవాదారులకు చాలా రాష్ట్రాల్లో నమోదు అవసరం లేదు. బెలూన్లు కట్టేవారు, ముఖాలకు రంగులు వేసేవారు, మాంత్రికులు, ఫొటోగ్రాఫర్లు ఎక్కువగా ఈ కోవకు చెందినవారే. అందువల్ల ఈ రంగం పరిమాణం ఎంతో ప్రభుత్వ లెక్కల్లో విడిగా కనిపించదు.

ఇతివృత్తాల ఎంపికలో టెలివిజన్ ప్రభావం ప్రస్ఫుటం. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ సృష్టించిన ‘ఛోటా భీమ్’ 2008లో పోగో చానల్‌లో ప్రసారం మొదలైన తరువాత పిల్లల మనసు దోచుకున్నాడు. విదేశీ బొమ్మల సరసన కేకుల మీద, ఫ్లెక్సీల మీద చోటు సంపాదించుకున్నాడు.

ఖర్చు భరించే తీరులోనే పెళ్ళికీ దీనికీ అసలు తేడా ఉంది. పెళ్ళిలో చదివింపులు ఉంటాయి. ఎవరు ఎంత చదివించారో పుస్తకంలో రాసుకుని, వారింటి శుభకార్యానికి అంతకు తగ్గకుండా తిరిగి ఇవ్వడం ఆనవాయితీ. ఒక విధంగా అది బంధువర్గం పెట్టే వడ్డీలేని చేబదులు. ఖర్చు రెండు కుటుంబాల మధ్య, మేనమామలు, పెదనాన్నల మధ్య పంపకమవుతుంది. పుట్టినరోజుకు అతిథులు తెచ్చేది బొమ్మలు, దుస్తులు. హాలు అద్దెకు, క్యాటరింగ్ బిల్లుకు అవి అక్కరకు రావు. పైగా తెచ్చిన ప్రతి పిల్లవాడికీ ‘రిటర్న్ గిఫ్ట్’ ఇచ్చి పంపాలి.

ఘనుల విందులు

సంపన్నుల ఆడంబరం పదిమందికి పని కల్పిస్తుందన్న వాదన పాతదే. జోధ్‌పూర్‌లోని ఉమైద్ భవన్ ప్రాసాదాన్ని మహారాజా ఉమైద్ సింగ్ 1929లో ప్రారంభించింది కరవు బాధితులకు పని చూపడానికే. 1943 దాకా నిర్మాణం సాగింది. 2013 నవంబరులో పారిశ్రామికవేత్త ముకేశ్ అంబానీ సతీమణి నీతా అంబానీ 50వ జన్మదిన వేడుకలు జోధ్‌పూర్‌లో జరిగినప్పుడు ఆ సౌధం పేరు దేశమంతటా మారుమోగింది. సొంత సొమ్ముతో జరిపే వేడుకను ప్రశ్నించే హక్కు ఎవరికీ లేదన్నవారు కొందరైతే, ఆ ఫొటోలే మధ్యతరగతికి కొలబద్దలవుతున్నాయన్నవారు మరికొందరు.

అప్పు తీరకముందు జరిగే విందు సంగతి వేరు. మద్యం వ్యాపారి విజయ్ మాల్యా 2015 డిసెంబరులో గోవాలో 60వ పుట్టినరోజు జరుపుకున్నారు. ఆయన కింగ్‌ఫిషర్ విమానాలు 2012 అక్టోబరులోనే నిలిచిపోయాయి. బ్యాంకులకు రావలసిన బకాయిలు వడ్డీతో కలిపి సుమారు రూ.9,000 కోట్లు. వ్యవస్థకు భారీగా బాకీ ఉండి కూడా పుట్టినరోజు విందులు ఆర్భాటంగా జరుపుకుంటే, తమకేమీ పట్టదని ప్రజలకు చెప్పినట్లవుతుందని నాటి రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురామ్ రాజన్ 2016 జనవరిలో వ్యాఖ్యానించారు. మాల్యా పేరెత్తకుండా ఆయన అన్న ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో వేరే చెప్పనక్కర లేకపోయింది. ఆ మార్చిలో మాల్యా దేశం విడిచి వెళ్ళారు. 2019 జనవరిలో ఆయనను పరారీలో ఉన్న ఆర్థిక నేరస్థుడిగా ప్రత్యేక న్యాయస్థానం ప్రకటించింది.

చట్టాలకు చిక్కని వేడుక

శుభకార్యాల దుబారాను అరికట్టడానికి దక్షిణాసియాలో పలు దేశాలు ఏదో ఒక కాలంలో చట్టాలు ప్రయోగించి చూసినవే. నేపాల్ 1976లో తెచ్చిన సామాజిక ఆచారాల సంస్కరణ చట్టం పెళ్ళివారి ఊరేగింపును 51 మందికి పరిమితం చేసింది. బంగ్లాదేశ్ 1984 నాటి అతిథి నియంత్రణ నిబంధనలో 100 మందికి మించితే తలకు 25 టాకాల చొప్పున రుసుము విధించింది. పాకిస్థాన్‌లో నవాజ్ షరీఫ్ ప్రభుత్వం 1997లో పెళ్ళిళ్ళలో భోజనం వడ్డించడాన్నే నిషేధించి, పానీయాలతో సరిపెట్టమంది. మన దేశంలో జమ్ము-కాశ్మీర్ ప్రభుత్వం 2017లో కూతురి పెళ్ళికి 500 మంది, కొడుకు పెళ్ళికి 400 మంది, చిన్నపాటి వేడుకలకు 100 మంది అతిథులకు మించరాదని ఉత్తర్వు జారీ చేసింది.

వీటన్నిటి గురి ప్రధానంగా పెళ్ళిళ్ళపైనే. ఆహార కొరత, వరకట్నం, ఆడపిల్లల తండ్రుల అప్పులు వాటికి ప్రేరణ. పుట్టినరోజు అప్పటికి చిన్నపాటి వేడుకే కాబట్టి చట్టకర్తల దృష్టి దానిపై అంతగా పడలేదు. పెళ్ళిళ్ళ విషయంలోనే ఆ చట్టాల అమలు అంతంతమాత్రమైనప్పుడు, ఇంటింటా ఏటా జరిగే వేడుకపై అధికారులు అతిథులను లెక్కపెట్టడం అయ్యే పని కాదు.

ప్రభుత్వం కన్ను వేయవలసిన చోటు ఒకటుంది. అది భద్రత. బెలూన్లలో నింపడానికి నిరపాయమైన హీలియంను మన దేశం దాదాపు పూర్తిగా దిగుమతి చేసుకుంటోంది. ధర ఎక్కువ కావడంతో కొందరు చవకగా దొరికే హైడ్రోజన్ నింపుతున్నారు. అది నిప్పురవ్వ తగిలితే చాలు భగ్గుమనే వాయువు. కేక్‌పై కొవ్వొత్తి పక్కనే ఆ బెలూన్ల గుత్తి వేలాడుతుంటుంది. 2017 డిసెంబరు 29 తెల్లవారుజామున ముంబయి కమలా మిల్స్ ఆవరణలోని పైకప్పు రెస్టారెంట్లలో చెలరేగిన మంటల్లో 14 మంది మరణించారు. వారిలో పుట్టినరోజు విందుకు వచ్చినవారూ ఉన్నారు. ఆ దుర్ఘటనకు కారణం బెలూన్లు కావు. అయినా అలంకరణకు మండే సరుకు వాడే ప్రతి హాలులోనూ బయటపడే దారి ఎటువైపు ఉందో అతిథులు చూసుకోవలసిన అవసరాన్ని అది గుర్తుచేసింది.

వాయిదాల లెక్క

రిజర్వు బ్యాంకు గణాంకాల ప్రకారం దేశంలోని కుటుంబాల నికర ఆర్థిక పొదుపు 2020-21లో స్థూల దేశీయోత్పత్తిలో 11 శాతానికి పైగా ఉండగా, 2022-23లో సుమారు 5 శాతానికి పడిపోయింది. తాకట్టు లేని వినియోగ రుణాలు వేగంగా పెరగడంతో, 2023 నవంబరులో వాటిపై బ్యాంకుల ‘రిస్కు వెయిటు’ను 100 నుంచి 125 శాతానికి రిజర్వు బ్యాంకు పెంచింది. ఈ తగ్గుదలకు పుట్టినరోజు విందులే కారణమని ఎవరూ అనరు. ఇల్లు, వాహనం, చదువు, వైద్యం అన్నీ అందులో ఉన్నాయి. కానీ ఫోనుపై నాలుగు నొక్కులతో వచ్చే వ్యక్తిగత రుణం దేనికని అడిగేవారు లేరు. క్రెడిట్ కార్డుపై హాలు అద్దె చెల్లించి, దానిని వాయిదాలుగా మార్చుకునే వెసులుబాటూ ఉంది.

ఒక లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. బిడ్డ తొలి పుట్టినరోజుకు రూ.2 లక్షల వ్యక్తిగత రుణం 14 శాతం వడ్డీపై 24 నెలలకు తీసుకుంటే నెలసరి వాయిదా సుమారు రూ.9,600 అవుతుంది. మొత్తం కట్టేది రూ.2.30 లక్షలు. మొదటి సంవత్సరపు వాయిదాలు పూర్తయ్యేసరికి రెండో పుట్టినరోజు వచ్చి నిలుస్తుంది. తొలి విందు తాలూకు చివరి వాయిదా కట్టే నెలలో, పసివాడికి మూడేళ్ళు నిండుతాయి. ఆనాటి అడవిలోని ఏనుగును గాని, సింహాన్ని గాని ఫొటోలో చూపిస్తే తప్ప వాడు గుర్తుపట్టలేడు.