ఇల్లు కొన్నాక చేతిలో ఎంత మిగలాలి?

ఈవేళ నేను చెప్పబోయేది వంటా కాదు, ఊరగాయా కాదు, డబ్బు సంగతి. అందులోనూ ఇల్లు కొనే డబ్బు. అవన్నీ మగవాళ్ళు చూసుకుంటారులే అని రేడియో కట్టేయకండి. కొనేటప్పుడు లెక్కలు వాళ్ళే వేస్తారు, నిజమే. కొన్న తర్వాత నెలాఖరున పాలవాడికి సమాధానం చెప్పుకునేది మాత్రం మనమే కదా!

మేము 2014లో హైదరాబాదులో ఫ్లాటు తీసుకున్నాం. మావారికి అప్పంటే జ్వరం వస్తుంది. అందుకని బ్యాంకు దగ్గర ఎంత తక్కువ తీసుకుంటే అంత మంచిదని, ఫిక్స్‌డు డిపాజిట్లు, చిట్టీ పాట, మా పుట్టింటివాళ్ళు ఇచ్చిన డబ్బు, అన్నీ ఊడ్చి ఇంట్లో పెట్టేశాం. గృహప్రవేశంనాడు నా సేవింగ్సు ఖాతాలో నాలుగువేలున్నాయి. నాలుగో నెలలో ఆయనకి ఛాతీలో నొప్పి వచ్చింది. ఆసుపత్రివాళ్ళు ముందు లక్షన్నర కట్టమన్నారు. బ్యాంకుకి పరుగెత్తి, “మా ఇల్లు మీ దగ్గరే ఉందిగా, మేం పెట్టిన డబ్బులోంచే రెండులక్షలు ఇవ్వండి” అని అడిగాను. ఇంత అమాయకంగా ఎవరైనా అడుగుతారా అన్నట్టు చూశారు. కొన్నాళ్ళు సక్రమంగా వాయిదాలు కడితే, మళ్ళీ కాగితాలు పెట్టుకుంటే, అప్పుడు ఆలోచిస్తారట. చివరికి నా చంద్రహారం, నాలుగు గాజులు తాకట్టుకెళ్ళాయి. ఇంటి ఋణానికి కట్టే వడ్డీకంటే దానికి ఎక్కువ. అంటే తక్కువ వడ్డీకి ఇస్తామన్న డబ్బు వద్దని, ఎక్కువ వడ్డీకి తెచ్చుకున్నామన్నమాట.

అప్పటికి నాకు తెలిసొచ్చింది. ఇంట్లో పెట్టిన డబ్బు మనదే, కానీ మన చేతిలోది కాదు. కావాలన్నప్పుడు వంటగది ఒక్కటీ అమ్ముకోలేం.

కిందటేడు మా చెల్లెలు ఫ్లాటు చూసుకుంది. ఓసీ వచ్చిన తయారు ఇల్లు, 60 లక్షలు. వాళ్ళ దగ్గర కూడబెట్టింది 26 లక్షలు. ఇద్దరం వంటింట్లో కూర్చుని పాత క్యాలెండరు వెనక లెక్క వేశాం.

30 లక్షలు దాటి 75 లక్షల దాకా తీసుకునే గృహఋణాలకి, ఇంటి విలువలో 80 శాతానికి మించి బ్యాంకు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. అంటే 48 లక్షలు. ఇక్కడ చాలామంది పొరబడతారు. రిజిస్ట్రేషను ఖర్చుని ఆ విలువలో కలపరు. తెలంగాణలోనైనా ఆంధ్రాలోనైనా స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజు అన్నీ కలిపి మామూలుగా ఏడున్నర శాతం. 60 లక్షల మీద నాలుగున్నర లక్షలు రొక్కంగా మన సంచీలోంచే పోతాయి. పైగా బ్యాంకు వాల్యుయరు వచ్చి ఇల్లు 56 లక్షలే చేస్తుందన్నాడనుకోండి, ఋణం కూడా ఆమేరకు తగ్గుతుంది. కాబట్టి బ్యాంకు లెక్క తెలియకుండా అడ్వాన్సు ఇవ్వద్దని చెప్పాను.

మా మరిది లెక్క ఇదీ: రిజిస్ట్రేషనుకి నాలుగున్నర తీసేసి, మిగతా 21.5 లక్షలూ ఇంట్లో పెట్టేసి, 38.5 లక్షలే అప్పు చేద్దామని. వడ్డీ ఎనిమిదిన్నర శాతం, గడువు 20 ఏళ్ళు అనుకుంటే, లక్షకి నెలకు 868 రూపాయలు పడుతుంది. ఆయన లెక్కలో నెల వాయిదా 33,418. నేను 44 లక్షలు తీసుకోమన్నాను. వాయిదా 38,192 అవుతుంది. నెలకి 4,774 ఎక్కువే, కానీ చేతిలో ఐదున్నర లక్షలు మిగులుతాయి. అందులో లక్షన్నర అలమార్లకీ, గ్రిల్సుకీ, సొసైటీవాళ్ళ కార్పస్ ఫండుకీ పోయినా, నాలుగు లక్షలు ఆరునెలల వాయిదాలకి, పైన కొంత ఇంటిఖర్చుకి సరిపోతాయి.

“వడ్డీ దండగ కాదా అక్కా?” అంది. దండగే. ఆ ఐదున్నర లక్షల్నీ 20 ఏళ్ళపాటు సాగదీస్తే వడ్డీయే దాదాపు ఆరు లక్షలవుతుంది. అందుకని సాగదీయకూడదు. రెండేళ్ళు గడిచి, ఇల్లు సర్దుకుని, బోనసు చేతికొచ్చాక కొంత అసలు కట్టేయాలి. ఫ్లోటింగు వడ్డీమీద తీసుకున్న గృహఋణాన్ని ముందుగా తీర్చేస్తే వేసే జరిమానాని రిజర్వు బ్యాంకు 2012లోనే తీయించేసింది. కట్టిన డబ్బు వెనక్కి రాదు గానీ, కట్టని డబ్బు ఎప్పుడైనా కట్టొచ్చు. కొన్ని బ్యాంకుల్లో ఋణానికే ఓవర్‌డ్రాఫ్టు ఖాతా జోడిస్తారు. మిగులు డబ్బు అందులో వేస్తే ఆమేరకు వడ్డీ తగ్గుతుంది, అవసరమైతే తీసుకోవచ్చు. వడ్డీరేటు కాస్త ఎక్కువుంటుంది, అడిగి చూసుకోండి.

అలాగని బ్యాంకు ఇస్తానన్నదంతా తీసుకోమనీ నా మాట కాదు. మా పక్కింటావిడ కొడుకు ఇంటికి ఋణం నిండా తీసుకుని, జీతంలో సగం పైన వాయిదాకే రాసిచ్చాడు. 2020లో కరోనా వచ్చి జీతం కోసేశారు. మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకోవచ్చని రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. వడ్డీ ఆగలేదు సుమా, అది పెరుగుతూనే ఉంది. వాయిదా జీతంలో మూడోవంతు దాటితే నాకు భయమే. మా మరిదికి చేతికొచ్చేది లక్షా పాతికవేలు కనుక ధైర్యంగా చెప్పాను.

ఇంకా కడుతున్న ఫ్లాటయితే లెక్క వేరు. సాధారణంగా ఐదు శాతం జీఎస్టీ, తాళాలు చేతికొచ్చేదాకా ఇటు అద్దె, అటు బ్యాంకు వడ్డీ. మిగులు ఇంకా ఎక్కువ ఉండాలి. రాతపూర్వక ఒప్పందం రిజిస్టరు కాకుండా బిల్డరు పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని 2016 నాటి రెరా చట్టంలో ఉంది. “రేటు పెరిగిపోతుందమ్మా” అని తొందరపెడితే ఆ మాట గుర్తుచేయండి.

మా చెల్లెలు ఆ నాలుగు లక్షల్నీ తనపేర వేరే ఖాతాలో వేసుకుంది. ఇంతవరకూ ముట్టుకోలేదట. మా మరిది కన్ను మాత్రం దానిమీదే ఉంది, కారు కొందామని.