ఇల్లు మారేటప్పుడు పంట రక్షణ తుపాకీతో జాగ్రత్త

అడవి పందుల బెడదకు లైసెన్సు తుపాకీ ఉన్న రైతులు ఇల్లు మారేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించాలి.

• సామాను సర్దకముందే తూటాలు తీసేసి, గొట్టం ఖాళీగా ఉందో లేదో స్వయంగా చూసుకోండి. సర్దుడు హడావిడిలో తుపాకీ పిల్లల చేతికి చిక్కితే ప్రాణాలకే ముప్పు.
• తుపాకీ ఒక పెట్టెలో, తూటాలు వేరే పెట్టెలో పెట్టి తాళం వేయండి. తాళంచెవులు మీ దగ్గరే ఉంచుకోండి.
• సామాను బండిలో కూలీల వెంట పంపకండి. లైసెన్సు పట్టుకుని మీరే తీసుకెళ్లండి.
• పంట రక్షణ లైసెన్సు చెల్లే ప్రాంతం అందులోనే రాసి ఉంటుంది. అది దాటాల్సి వస్తే బయలుదేరకముందే లైసెన్సు ఇచ్చిన అధికారిని అడగండి.
• ఇల్లు మారిన 30 రోజుల్లోగా పాత, కొత్త చోట్ల లైసెన్సు అధికారులకు రాతపూర్వకంగా తెలపండి.
• కొత్త ఇంట్లో భద్రమైన చోటు కుదిరేదాకా పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, రసీదు తీసుకోండి.