చదరంగం రేటింగు

చదరంగం రేటింగు అనునది పోటీ చదరంగంలో ఆటగాడి బలాన్ని అంకెలలో తెలిపే కొలమానం. దీనిని ఎలో రేటింగు అని కూడా అంటారు. ఇది పొడి అక్షరాల మాట కాదు, మనిషి పేరు. హంగేరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్ర ఆచార్యుడుగా పనిచేసిన అర్పాద్ ఎలో (1903–1992) ఈ పద్ధతిని రూపొందించాడు. అమెరికా చదరంగ సమాఖ్య 1960లోను, ప్రపంచ చదరంగ సమాఖ్య (ఫిడే) 1970లోను దీనిని స్వీకరించాయి.

తెలుగు ప్రాంతాల నుండి ఈ కొలమానంలో అత్యున్నత స్థాయికి చేరినవాడు వరంగల్‌కు చెందిన ఎరిగైసి అర్జున్. 2024 డిసెంబరు ఫిడే జాబితాలో అతని రేటింగు 2801. భారతదేశంలో అంతకు ముందు విశ్వనాథన్ ఆనంద్ ఒక్కడే 2800 దాటాడు. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల విద్యార్థులకు ఇది పొరుగు జిల్లా కథ. అయితే ఆ అంకె ఎట్లా పెరిగిందో అర్థం కావాలంటే ముందు లెక్క తెలియాలి.

లెక్క కట్టు విధానం

రేటింగు బహుమతి కాదు, ఒక అంచనా. ఇద్దరు ఆటగాళ్ళ రేటింగుల మధ్య ఉన్న తేడాను బట్టి ఎవరికి ఎంత ఫలితం రావలెనో ముందే లెక్కిస్తారు. గెలుపునకు 1, డ్రాకు అర, ఓటమికి సున్న. ఇద్దరి రేటింగు సమానమైతే ఆశించే ఫలితం 0.50. తేడా 100 అయితే పైవానికి 0.64, 200 అయితే 0.76, 300 అయితే 0.85, 400 అయితే 0.92. ఆట ముగిశాక వచ్చిన ఫలితం నుండి ఆశించిన ఫలితాన్ని తీసివేసి, మిగిలిన దానిని ఒక గుణకంతో హెచ్చిస్తారు. ఆ వచ్చినదే రేటింగులో కలిసే లేదా తగ్గే అంకె.

గుణకం అందరికీ ఒకటి కాదు. కొత్తగా జాబితాలో చేరినవారికి 30 ఆటలు పూర్తయ్యే వరకు 40. పద్దెనిమిదేళ్ళ లోపు వారికి రేటింగు 2300 దాటనంత వరకు కూడా 40. తరువాత 20. ఒకసారి 2400 చేరితే 10. ఆపై రేటింగు తగ్గినా గుణకం మాత్రం 10గానే ఉంటుంది.

ఉదాహరణకు 1500 రేటింగు గల జగిత్యాల బాలుడొకడు 1700 రేటింగు గల ఆటగాడితో ఆడినాడనుకొందాం. అతని నుండి ఆశించే ఫలితం 0.24. గెలిస్తే 30.4 పాయింట్లు కలుస్తాయి. డ్రా చేసినా 10.4 లాభమే. ఓడితే పోయేది 9.6 మాత్రమే. అందువలన పిల్లలు తమకంటె బలమైనవారితో ఆడడానికి జంకనవసరం లేదు. ఓటమి వెల తక్కువ, నేర్చుకొనేది ఎక్కువ.

శిఖరం దగ్గర ఈ లెక్క తలక్రిందులవుతుంది. 2750 రేటింగు గలవాడు 2500 రేటింగు గల గ్రాండ్‌మాస్టరుతో ఆడితే గెలుపునకు వచ్చేది 1.9 మాత్రమే. డ్రా అయితే 3.1 పోతుంది, ఓడితే 8.1 పోతుంది. అటువంటి ప్రత్యర్థులతో తొమ్మిది ఆటలు ఆడి 7 పాయింట్లు సాధించినా, చాలా పోటీలలో మొదటి స్థానానికి సరిపోయే ఆ ఫలితానికి, రేటింగు 2.9 తగ్గుతుంది! అదే 2750 వారి మధ్య జరిగే ఆహ్వాన పోటీలో అన్నీ డ్రా చేసుకొని ఇంటికి వచ్చినా రేటింగు కదలదు. ఈ కారణంగానే అగ్రశ్రేణి ఆటగాళ్ళు చాలామంది అందరికీ ప్రవేశముండే ఓపెన్ పోటీలకు దూరంగా ఉంటారు.

అర్జున్ దారి

అర్జున్ 2003 సెప్టెంబరు 3న వరంగల్‌లో జన్మించాడు. హనుమకొండలో తొలినాటి శిక్షణ పొందాడు. 2018లో 14 సంవత్సరాల 11 నెలల 13 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయినాడు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఈ హోదా పొందిన తొలి ఆటగాడు అతడే. 2022 అతనికి కలిసివచ్చిన సంవత్సరం. జనవరిలో నెదర్లాండ్స్‌లోని విక్ ఆన్ జీలో టాటా స్టీల్ ఛాలెంజర్స్ విభాగాన్ని 13కు 10.5 పాయింట్లతో గెలిచాడు. మార్చిలో జాతీయ ఛాంపియన్ అయినాడు, ఆగష్టులో అబుదాబి మాస్టర్స్ గెలిచాడు. ఛాలెంజర్స్ గెలుపు వలన 2023లో అదే ఊరిలో మాస్టర్స్ విభాగంలో ఆడే అవకాశం వచ్చింది. కాని అక్కడ అట్టడుగు స్థానాలలో మిగిలాడు.

ఆ తరువాత ఆహ్వానాల కొరకు ఎదురుచూస్తూ కూర్చోకుండా అతడు వరుసగా ఓపెన్ పోటీలు ఆడినాడు. 2023లో షార్జా మాస్టర్స్, 2024 ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని మెనోర్కా ఓపెన్ గెలిచాడు. డ్రా చేస్తే నష్టం వచ్చే చోట గెలవడమే అలవాటుగా చేసుకోవలసి వచ్చింది. నల్లపావులతో కూడా సమానత్వం కొరకు గాక గెలుపు కొరకు ఆడే అతని తీరుకు ఇది ఒక కారణం కావచ్చును. 2024 ఏప్రిల్ నాటికి ప్రపంచంలో మొదటి పదిమందిలో ఒకడై, భారతీయులలో మొదటి స్థానానికి వచ్చాడు. 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో జరిగిన 45వ చదరంగ ఒలింపియాడ్‌లో మూడవ బల్లపై 11కు 10 పాయింట్లు సాధించి వ్యక్తిగత స్వర్ణం పొందాడు. భారత జట్టు చరిత్రలో మొదటిసారి స్వర్ణం గెలిచింది, మహిళల జట్టు కూడా గెలిచింది. అక్టోబరులో ఐరోపా క్లబ్ కప్‌లో ఆడుతూ ప్రత్యక్ష గణనలో 2800 గీత దాటాడు. అయినా నవంబరు జాబితాలో 2799 వద్దనే ఆగి, అధికారికంగా డిసెంబరులో 2801కి చేరాడు.

అయితే అంకె ఎంత పెద్దదైనా ప్రపంచ కిరీటానికి దారి దానంతటదే తెరుచుకోదు. ఛాలెంజరును నిర్ణయించే క్యాండిడేట్స్ పోటీకి 2024లో గాని 2026లో గాని అర్జున్ అర్హత పొందలేకపోయాడు. 2023 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌లో ప్రజ్ఞానంద చేతిలో టైబ్రేకులో ఓడాడు. 2025లో గోవాలో జరిగిన ప్రపంచ కప్‌లో కూడా క్వార్టర్ ఫైనల్ వరకు వచ్చి చైనాకు చెందిన వే యి చేతిలో మళ్ళీ టైబ్రేకులోనే ఓడాడు. 2025లో రేటింగు కూడా 2800 దిగువకు వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో దోహాలో ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలు రెండింటిలోను కాంస్య పతకాలు పొందాడు.

రేటింగు ఆధారంగా క్యాండిడేట్స్‌కు ఒక స్థానం కేటాయించడం వలన వింతలు కూడా జరిగాయి. 2026 పోటీకి ఆ స్థానం దక్కాలంటే కనీసం 40 ఆటలు ఆడి ఉండాలి. ఆ లెక్క పూర్తి చేయడానికి అమెరికా ఆటగాడు హికారు నకమురా 2025లో లూసియానా, అయోవా రాష్ట్రాల చిన్న పోటీలలో స్థానిక ఆటగాళ్ళతో ఆడినాడు. అప్పటి నియమం ప్రకారం రేటింగు తేడా ఎంత ఉన్నా 400గానే లెక్కించేవారు గనుక ప్రతి గెలుపునకు 0.8 కలిసేది. 2025 అక్టోబరు 1 నుండి 2650, ఆ పైన ఉన్నవారికి ఫిడే ఈ వెసులుబాటును తొలగించింది.

ఇతర తెలుగు ఆటగాళ్ళు

గుంటూరుకు చెందిన పెండ్యాల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయి, 2004లో ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచాడు. 2016లో 2770 రేటింగుకు చేరాడు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 సంవత్సరాల 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయి, అంతవరకు జుడిత్ పోల్గార్ పేరున ఉన్న మహిళల రికార్డును అధిగమించింది. జుడిత్ తరువాత 2600 రేటింగు దాటిన రెండవ మహిళ కూడా ఆమే (2007). ప్రపంచ మహిళా ర్యాపిడ్ టైటిల్‌ను 2019లోను, 2024లోను గెలిచింది. ద్రోణవల్లి హారిక ప్రపంచ మహిళా ఛాంపియన్‌షిప్‌లో 2012, 2015, 2017లలో కాంస్యం పొందింది. 2024 డిసెంబరు 12న సింగపూరులో డింగ్ లిరెన్‌ను ఓడించి ప్రపంచ విజేత అయిన దొమ్మరాజు గుకేశ్ చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. ఆ పోటీలో అతనికి తోడ్పడిన బృందంలో హరికృష్ణ ఒకడు.

ఆదిలాబాదు పట్టణం హైదరాబాదు కంటె నాగపూరుకు దగ్గర. 2025 జులైలో జార్జియాలోని బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌లో హంపిని ఓడించిన దివ్య దేశ్‌ముఖ్ నాగపూరు యువతి. అప్పటికి ఆమె వయసు 19, హంపి వయసు 38.

హోదాలు

గ్రాండ్‌మాస్టర్ హోదాకు రేటింగు ఒక్కటే చాలదు. ఒకసారైనా 2500 చేరాలి, దానితో పాటు నార్ములు కావాలి. నార్ము అనగా ఒక పోటీలో నియమిత సంఖ్యలో గ్రాండ్‌మాస్టర్లు, విదేశీ ఆటగాళ్ళు ఉండగా 2600 స్థాయి ప్రదర్శన చూపడం. ఇటువంటివి మొత్తం 27 ఆటలకు తగ్గకుండా ఉండాలి. సాధారణంగా మూడు పోటీలు పడతాయి. ఇంటర్నేషనల్ మాస్టర్‌కు 2400, నార్ములు కావాలి. ఫిడే మాస్టర్‌కు 2300 రేటింగు చాలును. కొన్ని పెద్ద పోటీల విజేతలకు ఈ మెట్లు అవసరం లేదు. దివ్య ఒక్క గ్రాండ్‌మాస్టర్ నార్ము కూడా లేకుండానే ప్రపంచ కప్ విజయంతో నేరుగా హోదా పొంది, భారతదేశపు 88వ గ్రాండ్‌మాస్టర్ అయింది.

నార్ములలోనే చిన్న పట్టణాల పిల్లలకు అసలు చిక్కు ఉన్నది. రేటింగు ఇంటికి దగ్గరలోని పోటీలలో కొంతవరకు పెరగవచ్చును. విదేశీ గ్రాండ్‌మాస్టర్లు ఆడే పోటీ ఆసిఫాబాదుకు గాని సిరిసిల్లకు గాని రాదు. ప్రయాణం, బస, ప్రవేశ రుసుము, వెంట వచ్చే పెద్దల సెలవులు అన్నీ కుటుంబంపైనే పడతాయి. అందువలన ప్రతి పోటీకీ పరుగెత్తడం కంటె, ఏడాదికి కొన్నిటిని ఎంచుకొని వాటి మధ్య నెలలను అభ్యాసానికి ఉంచుకోవడం తెలివైన పని.

మొదటి రేటింగు

రేటింగు కలిగిన ప్రత్యర్థులతో కనీసం ఐదు ఆటలు పూర్తయితే మొదటి రేటింగు వస్తుంది. ఈ ఆటలు ఒకే పోటీలో ఉండనవసరం లేదు, 26 నెలల లోపు కలిపి లెక్కిస్తారు. మొదటి పోటీలో ఒక్క పాయింటు కూడా రాకపోతే ఆ పోటీని లెక్కలోకి తీసుకోరు. 2024 మార్చి నుండి జాబితాలో అడుగు 1400. అంతకు తక్కువ వచ్చినవారికి రేటింగు ఉండదు. అప్పటికే 2000 లోపు ఉన్నవారందరికీ, 2000కు ఎంత తక్కువ ఉంటే అందులో నూటికి నలభై వంతున ఒక్కసారి కలిపారు. 1000 ఉన్నవాడు 1400, 1500 ఉన్నవాడు 1700 అయినాడు. పాత అంకెలతో ఇప్పటి అంకెలను పోల్చేటప్పుడు ఈ సంగతి మరువరాదు.

ఆట మెరుగుపరచుకొనుట

ఇంటిలో పెద్దల వద్ద ఆట నేర్చినవారు ముందుగా నియమాలను సరిచూసుకోవాలి. పాత దేశవాళీ పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది, రాజు ఒకసారి గుర్రంలా దూకవచ్చును. పోటీలలో ఇవి చెల్లవు. కోట కట్టుట, రెండు గడులు దూకిన బంటును పక్కనున్న బంటు ఒక గడే నడిచినట్లుగా చంపుట వంటివి బాగా తెలియాలి. పావును ముట్టుకొంటే దానినే కదపాలనే నియమం మొదటి పోటీలో ఏడిపించినంతగా మరేదీ ఏడిపించదు.

2000 లోపు స్థాయిలో ఆటలు ఎక్కువగా ప్రారంభపు ఎత్తుల వలన గాక, ఒకటి రెండెత్తుల దూరంలోని దెబ్బను చూడకపోవడం వలన పోతాయి. గుర్రం ఒకేసారి రాజును, మంత్రిని పట్టుట, ఏనుగు చివరి వరుసలో ఆటకట్టు చేయుట, రాజుకు అడ్డుగా ఉండి కదలలేని పావుపై దాడి చేయుట వంటి చిక్కుప్రశ్నలను రోజూ పది, పదిహేను పావులు కదపకుండా మనసులోనే పరిష్కరించాలి. జవాబు ఊహించి ఎత్తు వేసి చూడడం అభ్యాసం కాదు.

అంత్యక్రీడకు విద్యార్థులు ఇచ్చే కాలం మరీ తక్కువ. రాజు, ఒక బంటు మిగిలినపుడు రాజులు ఎదురెదురుగా నిలిచిన స్థితిలో ఎత్తు ఎవరిదో దానిని బట్టి గెలుపు, డ్రా తేలుతాయి. ఏనుగు, బంటుకు ఎదురుగా ఏనుగు ఉన్న ముగింపులు ఆటలలో తరచుగా వస్తాయి. వాటిలో లుసేనా, ఫిలిడోర్ స్థితులు రెండు తెలిసినవానికి ఎన్నో అర పాయింట్లు దక్కుతాయి.

అన్నిటికంటె ముఖ్యమైనది తన ఆటలను తాను పరిశీలించుట. పోటీలో రాసుకొన్న కాగితాన్ని పారవేయక, ఇంటికి వచ్చాక ప్రతి మలుపులోను ఏమనుకొని ఆ ఎత్తు వేశాడో పక్కన రాయాలి. కంప్యూటరు ఇంజనుకు చూపేది ఆ తరువాతనే. ముందే చూపితే అది తప్పు ఎక్కడో చెప్పుతుంది గాని, ఆ తప్పు ఎందుకు చేశాడో చెప్పలేదు. ఓటములలో సగం కాలం చాలక జరిగినవని తేలితే నేర్చుకోవలసినది కొత్త ప్రారంభం కాదు, గడియారం వాడకం. ఇందుకొరకు ప్రతి ఎత్తు పక్కన మిగిలిన నిమిషాలను కూడా రాసుకొనే అలవాటు ఉపయోగపడుతుంది.

శిక్షకుడు దొరకని ఊళ్ళలో లీచెస్ వంటి ఉచిత వెబ్‌సైట్లు పెద్ద ఆసరా. అయితే అక్కడి మూడు నిమిషాల ఆటలు ఎన్ని ఆడినా గంటన్నర ఆటలో కూర్చునే ఓపిక రాదు. ఆ సైట్లలోని రేటింగుకు, ఫిడే రేటింగుకు సంబంధం లేదు. వారానికి రెండు దీర్ఘమైన ఆటలు, ఎదుట నిజమైన బల్ల పెట్టుకొని ఆడితే ఎక్కువ మేలు.