క్లచ్ పెడల్ మెత్తగా పనిచేయాలంటే?

కేబుల్ తీసేసి ఆయిల్ క్లచ్ పెట్టించినా పెడల్ ఇంకా బరువుగానే ఉంటోంది. ఎందుకు?

కేబుల్ వంపులు తిరిగిన ప్రతిచోటా తొడుగుకు రాసుకుంటుంది. ఆయిల్‌కు ఆ బాధ లేదు, అందుకే కదలిక నున్నగా ఉంటుంది. కానీ పెడల్ బరువు తేలేది మాత్రం సిలిండర్ల సైజుల దగ్గరే. పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ తోసిన ఆయిల్, గేర్‌బాక్స్ దగ్గరి స్లేవ్ సిలిండర్ పిస్టన్‌ను కదుపుతుంది. ఆ పిస్టన్ నెట్టగా ఫోర్క్, బేరింగ్ కలిసి ప్రెషర్ ప్లేట్ స్ప్రింగును నొక్కుతాయి.

పెద్ద మాస్టర్ సిలిండర్ వేస్తే తేలికవుతుందా?

కాదు, ఇంకా బరువెక్కుతుంది. లెక్క చూడండి. పెడల్ నిష్పత్తి 6:1, మాస్టర్ వ్యాసం 16 మి.మీ., స్లేవ్‌ది 19 మి.మీ. అనుకుందాం. కాలితో 10 కిలోల బలం పెడితే మాస్టర్ మీద 60 కిలోలు, స్లేవ్ దగ్గర దాదాపు 85 కిలోలు పడుతుంది. పెడల్ 120 మి.మీ. దిగితే స్లేవ్ 14 మి.మీ. జరుగుతుంది. మాస్టర్ కూడా 19 మి.మీ. వేశారా, స్లేవ్ 20 మి.మీ. జరుగుతుంది కానీ బలం 60 కిలోలే. తేలిక కావాలంటే జరుగుడు తగ్గుతుంది, జరుగుడు కావాలంటే బరువు పెరుగుతుంది. అందుకే బేరింగ్ ఎంత జరగాలో ముందు తెలుసుకుని, సిలిండర్లు ఆ తర్వాత ఎంచుకోవాలి.

పెడల్ స్పాంజిలా దిగుతుంటే?

ఎయిర్ పట్టిందన్నమాట. తేడా తెలియాలంటే సిరంజి మూతిని వేలితో మూసి నొక్కి చూడండి: నీళ్లుంటే కదలదు, గాలి ఉంటే లోపలికి దిగిపోతుంది. ఎయిర్ తీయడానికి, స్లేవ్ నిపుల్‌కు సన్నని ట్యూబు తగిలించి, దాని కొసను బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు పెడల్ నెమ్మదిగా నొక్కి పట్టుకోవాలి, రెండోవారు నిపుల్ వదులు చేసి బుడగలు పోనిచ్చి బిగించాలి. ఆ తర్వాతే పెడల్ వదలాలి. బుడగలు ఆగేదాకా ఇదే వరస. మధ్యలో మాస్టర్‌కు ఆయిల్ అందించే డబ్బా ఖాళీ అయితే పని మళ్లీ మొదటికొస్తుంది. నిపుల్ సిలిండర్‌కు పైవైపునే ఉండాలి, కింద ఉంటే గాలి లోపలే నిలుస్తుంది. ఇంజన్ ఆయిల్ మాత్రం పొరపాటున కూడా పోయకండి, రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి.

పెడల్ నుంచి మాస్టర్ పిస్టన్‌ను నెట్టే రాడ్‌కు ఖాళీ ఎందుకు వదలాలి?

మాస్టర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే డబ్బాకు దారి తెరుచుకుంటుంది. రాడ్ బిగుసుకుని ఉంటే, వేడికి వ్యాకోచించిన ఆయిల్ వెనక్కి పోలేక క్లచ్‌ను కొద్దిగా నొక్కే ఉంచుతుంది. క్లచ్ జారుతుంది, ప్లేటు అరుగుతుంది. మాన్యువల్ చెప్పిన కొలతే పెట్టండి. రాడ్ దగ్గర 1 మి.మీ. ఖాళీ 6:1 పెడల్ దగ్గర 6 మి.మీ. అవుతుంది.

అంతా కుదిరిందని ఎలా తెలుస్తుంది?

బండి ఆపి, ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా క్లచ్ పూర్తిగా నొక్కి, కొన్ని సెకన్లు ఆగి రివర్స్ వేయండి. కరకరమంటే క్లచ్ పూర్తిగా విడవట్లేదు: ఎయిరో, జరుగుడు చాలకపోవడమో చూడాలి. గేరు సాఫీగా పడుతున్నా పెడల్ బరువుగానే ఉంటే, సిలిండర్లు మార్చే ముందు ఫోర్క్, బేరింగ్, ప్రెషర్ ప్లేట్ చూపించండి.