ఒత్తిడి తెచ్చే బరువు: వ్యాయామం, విశ్రాంతి

బీదర్ పాతపట్టణం నడుమ, దారులు కలిసేచోట చౌబారా నిలిచి ఉన్నది. ఒకప్పుడు అది కావలి బురుజు. శత్రువు జాడ కనబడితే పట్టణాన్ని హెచ్చరించడం పైనున్న కావలివారి విధి. హెచ్చరిక వినగానే జనులు పనులు మాని రక్షణకు సిద్ధపడాలి. ప్రమాదం తొలగిన పిమ్మట తిరిగి పనులలో పడాలి. అయితే ఆ హెచ్చరిక రేయింబవళ్లు ఆగకుండా మోగుతూనే ఉంటే పట్టణం ఎన్నాళ్లు తట్టుకోగలదు? మానవ శరీరంలోనూ అటువంటి కావలి ఏర్పాటు ఒకటి ఉన్నది. అది విరామం లేకుండా పనిచేయడమే దీర్ఘకాలిక ఒత్తిడి. దాని ఫలితాలలో ఒకటి నడుము చుట్టూ పేరుకొనే కొవ్వు.

శరీరంలో జరిగేది ఏమిటి?

మూత్రపిండాల పైభాగాన టోపీల వలె అమరి ఉండే చిన్న గ్రంథులను అధివృక్క గ్రంథులంటారు. ఆపద ఎదురైనప్పుడు అవి అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను రక్తంలోకి విడుదల చేస్తాయి. అడ్రినలిన్ క్షణాలలో గుండె వేగాన్ని పెంచుతుంది. కార్టిసాల్ కొంత నెమ్మదిగా పనిచేస్తూ, రక్తంలో చక్కెరను పెంచి కండరాలకు ఇంధనం సమకూరుస్తుంది. కుక్క తరిమినప్పుడు పరుగెత్తవలసిన మనిషికి ఇది ప్రాణరక్షకమే. కాని ఇంటి అద్దె, అప్పు వాయిదా, ఊరిలోని తల్లిదండ్రుల అనారోగ్యం పరుగెత్తితే తీరే ఆపదలు కావు. సమకూరిన ఇంధనం ఖర్చు కాదు, హెచ్చరిక ఆగదు.

కార్టిసాల్ చాలాకాలం హెచ్చుగా ఉంటే ఆకలి పెరుగుతుంది. మనసు తీపి పదార్థాల మీదికి, వేపుళ్ల మీదికి పోతుంది. మిగిలిన శక్తి కడుపులోని అవయవాల చుట్టూ కొవ్వుగా చేరుతుంది. రక్తపోటుకు, మధుమేహానికి, గుండెజబ్బుకు దారితీసేది ముఖ్యంగా ఈ కొవ్వే. అమెరికాలో ఎలిసా ఎపెల్ బృందం 2000లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, నడుము చుట్టూ కొవ్వు ఎక్కువగా ఉన్న స్త్రీలలో ఒత్తిడి కలిగించే పనులు ఎదురైనప్పుడు ఇతరులకంటే ఎక్కువ కార్టిసాల్ వెలువడింది. చూడటానికి సన్నగానే ఉండి, నడుము వద్ద మాత్రం కొవ్వు ఉన్నవారి శరీరం అదే పని మరునాడు ఎదురైనా దానికి అలవాటుపడలేదు.

అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. ఒత్తిడిలో ఆకలి మందగించి చిక్కిపోయేవారూ ఉన్నారు. అయినప్పటికీ, పెరిగిన బరువును సోమరితనమనో తిండిపోతుతనమనో నిందించడం న్యాయం కాదు. నింద కూడా ఒక ఒత్తిడే.

వలస కుటుంబాల పరిస్థితి

1956 వరకు బీదర్ హైదరాబాదు రాష్ట్రంలో భాగం. ఈ నేలకు తెలుగు మాట కొత్త కాదు. అయినా బతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చిన కుటుంబానికి నగరం కొత్తదే. ఊరిలో పొలానికీ, చెరువుకూ, బంధువుల ఇళ్లకూ నడిచిన కాళ్లు ఇక్కడ అంగడిలో గల్లా పెట్టె ముందు పన్నెండు గంటలు కదలకుండా ఉంటాయి. రెండు గదుల అద్దె ఇంట్లో గృహిణికి పక్కింటివారితో మనసు విప్పి మాట్లాడే భాష ఇంకా పట్టుబడదు. దుకాణం మూసి ఇంటికి చేరేసరికి రాత్రి పది దాటుతుంది. అప్పుడు కడుపునిండా భోజనం, వెంటనే పడక. నడక తగ్గి, చింత పెరిగి, భోజనవేళ తప్పినచోట బరువు పెరగడం వింత కాదు.

కూర్చొని చేసే పనికీ కదులుతూ చేసే పనికీ గల భేదాన్ని లండన్ బస్సులు స్పష్టంగా చూపాయి. జెరెమీ మోరిస్ బృందం 1953లో ప్రచురించిన పరిశీలనలో, కూర్చొని బస్సు నడిపే డ్రైవర్లకంటే, రెండంతస్తుల బస్సులో రోజంతా మెట్లు ఎక్కిదిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా కనిపించింది.

నడుము కొలత

తూకపు యంత్రంకంటే ముందు కొలత టేపును ఆశ్రయించడం మేలు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ నడుమ, మామూలుగా ఊపిరి వదిలిన తరువాత కొలవాలి. భారతీయులలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దుగా భావిస్తారు. ఆ హద్దు దాటినవారు రక్తపోటు, రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి.

వ్యాయామం: ఎంత, ఎలా?

పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ గల వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట చురుకైన నడక చాలు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. ఒకేసారి అరగంట దొరకనివారు పదేసి నిమిషాల చొప్పున మూడుసార్లు నడవవచ్చు. వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు కూడా అవసరం. పూర్వులెరిగిన దండాలు, బస్కీలు అందుకు సరిపోతాయి. మోకాళ్ల నొప్పి గలవారు గోడకు అరచేతులు ఆనించి తోయడం, కుర్చీలో నుండి చేతి ఊత లేకుండా లేచి కూర్చోవడం చేయవచ్చు.

బరీద్ షాహీ సమాధుల చుట్టూ ఉన్న ఉద్యానవనం, కోట లోపలి దారులు, పాపనాశ దేవాలయ పరిసరాలు నడకకు అనువైన చోట్లు. వేసవిలో ఎండ ముదరకముందే నడక ముగించడం మంచిది. ఒంటరిగా వెళ్లడానికి జంకే స్త్రీలు ఇరుగుపొరుగు నలుగురితో కలిసి బయలుదేరితే నడకకు తోడు దొరుకుతుంది, కన్నడమూ అలవడుతుంది.

నడక ఒత్తిడిని రెండు విధాల తగ్గిస్తుంది. రక్తంలో సమకూరిన చక్కెరను కండరాలు వాడుకొంటాయి, నిద్ర గాఢమవుతుంది. అయితే కేవలం నడకతో బరువు వేగంగా తగ్గదు. నిరుత్సాహపడనవసరం లేదు. ఉన్న బరువులో నూటికి ఐదు వంతులు తగ్గినా రక్తపోటు, చక్కెర మెరుగుపడతాయి. 70 కిలోల మనిషికి అది మూడున్నర కిలోలే.

ఇటుకలు, ఇసుక మోసే శ్రామికుని సంగతి వేరు. అతనికి కొరత వ్యాయామం కాదు, విశ్రాంతి.

విశ్రాంతి కూడా నేర్వవలసిన విద్యే

టీవీ ముందో సెల్‌ఫోన్‌తోనో గడిపిన గంట విశ్రాంతి కానక్కరలేదు. శరీరానికి ఆపద గడచిపోయిందన్న కబురు అందాలి. ఆ కబురును త్వరగా చేర్చేది శ్వాస. నిటారుగా కూర్చొని, నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలాలి. పీల్చేటప్పుడు పొట్ట ముందుకు రావాలి. ఐదు నిమిషాలు ఇలా చేస్తే గుండె వేగం నెమ్మదిస్తుంది.

రెండవ పద్ధతిని అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ రూపొందించాడు. పడుకొని, పాదాల కండరాలను ఐదు సెకన్లు గట్టిగా బిగించి, ఒక్కసారిగా వదలి, పదిహేను సెకన్లు ఆ సడలింపును గమనించాలి. అదే విధంగా పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్లు, భుజాలు, ముఖం వరకు రావాలి. ఎక్కడ బిగువు ఉన్నదో తెలియనివారికి సడలించడం తెలియదు. ఈ అభ్యాసం ఆ తేడాను నేర్పుతుంది.

నిద్ర, భోజనం

షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన ఒక చిన్న పరిశీలనలో, పన్నెండుమంది ఆరోగ్యవంతులైన యువకులు రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడక మీద గడిపారు. పది గంటల పడకతో పోల్చినప్పుడు, కడుపు నిండిందని తెలిపే లెప్టిన్ 18 శాతం తగ్గింది. ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. నిద్ర చాలని మరునాడు బజ్జీల బండి ముందు కాళ్లు ఆగడానికి ఇది ఒక కారణం.

అలసట తీరుతుందని పగలంతా తాగే తేనీటినీ లెక్కించాలి. రెండేసి చెంచాల చక్కెరతో ఐదు కప్పులు తాగితే పది చెంచాలు, అంటే సుమారు 40 గ్రాములు. రోజుకు 25 గ్రాములకు మించకపోతే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అభిప్రాయం. దుకాణంలోనే సాయంత్రం ఏడింటికి రెండు జొన్నరొట్టెలు, పప్పు తినగలిగితే రాత్రి భోజనం తేలిక అవుతుంది.

వైద్యుని ఎప్పుడు కలవాలి?

థైరాయిడ్ లోపం వల్ల, కొన్ని మందుల వల్ల కూడా బరువు పెరుగుతుంది. ఒళ్లు నొప్పులకని వైద్యుని చీటీ లేకుండా కొనే మాత్రలలో స్టెరాయిడ్లు ఉండవచ్చు. అవి కార్టిసాల్ వలెనే పనిచేసి ముఖాన్ని, పొట్టను ఉబ్బిస్తాయి. అయితే చాలాకాలంగా వాడుతున్నవారు వాటిని హఠాత్తుగా మానరాదు. వైద్యుని సలహాతోనే తగ్గించాలి. కారణం తెలియకుండా బరువు పెరిగినా, రెండు వారాలకు పైగా నిద్ర లేకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా సమీప ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో గాని, బ్రిమ్స్ ఆసుపత్రిలో గాని చూపించుకోవాలి. ఛాతీ నొప్పి వస్తే ఆలస్యం చేయక 108కి ఫోను చేయాలి.

భాష అడ్డు కాకూడదు. ఒత్తిడిని కన్నడంలో ‘ఒత్తడ’ అనీ, బరువును ‘తూక’ అనీ, ఛాతీ నొప్పిని ‘ఎదె నోవు’ అనీ అంటారు. నిద్ర పట్టడం లేదనడానికి ‘నిద్దె బరువుదిల్ల’ అంటే చాలు; అందులోని ‘బరువు’కూ తెలుగు బరువుకూ సంబంధం లేదు.

మనసులోని బాధ చెప్పుకోవడానికి టెలి మానస్ ఉచిత సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు అందుబాటులో ఉన్నది. 2022 అక్టోబరు 10న ఆరంభమైన ఈ సేవ తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో లభిస్తుంది. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవారు క్షణమైనా ఆగక ఈ నంబరుకు ఫోను చేయాలి.

వలస వచ్చిన మనిషి చింతలన్నీ అరగంట నడకతో తొలగిపోవు. అద్దె కట్టవలసినదే, ఊరికి డబ్బు పంపవలసినదే. అయితే కావలివానికి దినంలో కొంతసేపైనా విరామం దొరికితే, ఆ భారాన్ని మోసే శరీరం నిలుస్తుంది. ఆ శరీరాన్ని నమ్ముకొని ఇక్కడొక కుటుంబం, ఊరిలో మరొక కుటుంబం ఉన్నాయి.