సంతకం పెట్టే ముందు పిల్లను అడుగుండ్రి

లాల్ దర్వాజల మా ఎరుకలున్న ఇంట్ల ఓ పిల్ల ఉన్నది. 19 ఏండ్లు. తల్లి లాడ్ బజార్ దుకాణాలకు లక్కగాజుల మీద రాళ్లు అతికే పని చేస్తది. పోయినేడు పిల్లకు పొట్ట ఉబ్బుడు మొదలైంది. గల్లీల గుసగుసలు షురువైనయి. తల్లి మెడికల్ షాపుల కిట్టు కొనుక్కొచ్చి పరీక్ష చేస్తే రెండు గీతలొచ్చినయి. ఆ రాత్రి ఆ ఇంట్ల ఏమైందో నేను రాయను.

పిల్లకు కడుపు కాలే. స్కానింగ్ తీస్తే ఎడమ అండాశయంల పెద్ద గడ్డ కనవడ్డది. దాన్ని జెర్మ్ సెల్ ట్యూమర్ అంటరు. అండాలు తయారయ్యే కణాలల్లకెల్లి పుట్టే కేన్సర్. చిన్న వయసు ఆడపిల్లలకే ఎక్కువ వస్తది. గర్భం వచ్చినప్పుడు ఒంట్ల తయారయ్యే హెచ్‌సీజీ హార్మోన్‌ను ఈ గడ్డలల్ల కొన్ని కూడ తయారుచేస్తయి. గా రెండు గీతల కథ గది. ఈ ఒక్క ముచ్చట తెల్వక ఎంతమంది పిల్లలు దెబ్బలు తిన్నరో!

ముందుగాల పోయిన నర్సింగ్ హోంల "గర్భసంచితో సహా అన్నీ తీసేద్దాం, పాణం దక్కుతే చాలు గదా" అన్నరు. తండ్రి చేతుల పెన్ను పెట్టిండ్రు. పక్కనే కూసున్న పిల్లను ఒక్కలు అడగలే. నేను జర ఆగుమన్న, ఇంకో కేన్సర్ డాక్టర్‌కు చూపిద్దామన్న.

గర్భసంచికి రెండు దిక్కుల బాదంగింజంత అండాశయాలు రెండుంటయి. జెర్మ్ సెల్ గడ్డ చానా మందికి ఒక్క దిక్కే వస్తది. గసొంటప్పుడు గడ్డ ఉన్న అండాశయం, దాని ట్యూబు తీసి, రెండోదాన్నీ గర్భసంచినీ ఉంచుతరు. అవసరముంటే బ్లియోమైసిన్, ఎటోపొసైడ్, సిస్‌ప్లాటిన్ అనే మూడు మందులతోని కీమో ఇస్తరు. ఈ రకం కేన్సర్ కీమోకు బాగ లొంగుతది. చానా మందికి నెలసరి మళ్లా వస్తది, పిల్లలు కూడ అయితరు. పెద్ద వయసుల ఎక్కువగ వచ్చే రకం వేరే. దాంట్ల కూడ మొదటి దశలనే, ఒక్క దిక్కే ఉంటే కొందరికి ఇట్ల చేయొచ్చు. రెండు దిక్కులకు, కడుపులకు పాకితే ఈ లెక్క మారుతది. పాణం ముందు, పిల్లలు తర్వాత. దాంట్ల నాకు వాదన లేదు.

"అండాలు తీసి ఫ్రీజింగ్‌ల దాసుకోవచ్చట గదా" అని మీరు అడుగుతరు. దాసుకోవచ్చు. కీమోకు ముందే చెయ్యాలె, రెండు వారాల దాకా పడుతది. కానీ గడ్డ ఉన్న అండాశయంల సూది గుచ్చితే కేన్సర్ కణాలు బయటికి చిందే ప్రమాదముంటది. అందుకే అందరికీ కుదరదు. ప్రైవేటుల లక్ష దాటుతది, కూలి చేసేటోళ్లకు యాడికెల్లి వస్తది? గాంధీ దవాఖానల 2023ల సర్కారు ఐవీఎఫ్ సెంటర్ తెరిచింది. కేన్సర్ పిల్లలకు ఈ పని సర్కారు ఖర్చుతోనే కావాలెనని నేనంట.

కేన్సర్ లేకున్నా గర్భసంచి తీసేసుడు మన ఊర్లల్ల పన్ను పీకినంత అలకగైంది. గీ ఆపరేషన్లు ఎక్కువున్న రాష్ట్రాలల్ల ఆంధ్ర, తెలంగాణ ముందున్నయని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలనే తేలింది. గా అలవాటే పెండ్లి కాని పిల్లల దాకా వచ్చింది.

18 నిండిన పిల్లకు ఆపరేషన్ చెయ్యాలంటే సంతకం ఆమెదే, అయ్యది గాదు. పెట్టే ముందు ఆమెనే అడగనియ్యుండ్రి: ఏ రకం గడ్డ, ఎంతదాకా పాకింది, రెండో అండాశయం, గర్భసంచి ఉంచొచ్చా, ఉంచకుంటే ఎందుకు? ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ రక్త పరీక్షలు చేసిండ్రా? ఊర్లకెల్లి వచ్చేటోళ్లు యాది పెట్టుకోండ్రి, మూసీ దాటితే రెడ్ హిల్స్‌ల ఎంఎన్‌జే సర్కారు కేన్సర్ దవాఖాన ఉన్నది. అనుమానముంటే ఇంకో డాక్టర్ మాట అడుగుడు తప్పు గాదు.

మా పిల్లకు ఒక్క దిక్కే తీసిండ్రు. కీమో అయిపోయింది, నెలసరి తిరిగొచ్చింది. డాక్టర్ చెప్పిన తారీఖుకు పోయి రక్తం ఇచ్చొస్తది. గుసగుసలు పెట్టిన గల్లీల ఆడోళ్లు ఇప్పుడు "ఎట్లున్నవ్ బిడ్డా" అంటుండ్రు. ఆమె జవాబియ్యదు.