మానిన తరువాతి జీవితం

రంజాన్ మాసంలో మధ్యాహ్నం రెండు గంటల వేళ మా తమ్ముడు తన దుకాణం షట్టరు సగానికి దించి, వెనుక గదిలోకి వెళ్ళి రెండు గ్లాసుల మంచినీళ్ళు త్రాగుతాడు. మూతి తుడుచుకుని వచ్చి షట్టరు మళ్ళీ ఎత్తుతాడు. ఎనిమిది రంజాన్లుగా ఇదే అలవాటు. ఆ నీళ్ళ వెనుక ఉన్న కథ రాయటానికి అతని అనుమతి తీసుకున్నాను. పేరు రాయవద్దన్నాడు, ఊరు రాయవద్దన్నాడు. “మీరు చేసిన తప్పులు మాత్రం వదలకుండా రాయండి భాయీజాన్” అన్నాడు నవ్వుతూ. అందుకే రాస్తున్నాను.

మాది తెలంగాణలో ఒక చిన్న పట్టణం. తమ్ముడిది వ్యవసాయ మోటార్లకు వైండింగ్ చేసే పని. ఇరవై మూడేళ్ళ వయసులో మొదటిసారి జబ్బు బయటపడింది. నాలుగు రాత్రులు నిద్ర లేదు, అయినా అలసట లేదు. తెగని మాటలు, అంతులేని పథకాలు. ఊళ్ళో అందరికీ ఉచితంగా మోటార్లు బాగుచేస్తానని చాటించి, అప్పు చేసి బండెడు రాగితీగ కొనుక్కొచ్చాడు. నెల తిరగకుండానే మంచం పట్టాడు. మూడు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. వైద్యులు దీనిని బైపోలార్ వ్యాధి అంటారని మాకు తెలిసింది పదమూడేళ్ళ తరువాత. అప్పట్లో మాకు తెలిసిన మాటలు రెండే: గాలి సోకింది, ఎవరో చేయించారు.

అమ్మీ అతన్ని ఒక దర్గా వద్దకు తీసుకువెళ్ళింది. అక్కడ ఇరవై ఒక్క రోజులు కాలికి గొలుసు వేసి స్తంభానికి కట్టి ఉంచారు. అది 2002. అంతకు ముందు ఏడాది, 2001 ఆగస్టు 6న, తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రయ గృహానికి నిప్పంటుకుని, గొలుసులతో కట్టివేయబడి ఉన్న 28 మంది మానసిక రోగులు పారిపోయే వీలులేక సజీవ దహనమయ్యారు. సుప్రీంకోర్టు తనంతట తానుగా ఆ విషయాన్ని విచారణకు స్వీకరించింది. ఆ వార్త నేను పత్రికలో చదివాను, తరగతిలో విద్యార్థులకు చెప్పి కంటతడి పెట్టాను కూడా. మరుసటి సంవత్సరం నా తమ్ముడి కాలికి గొలుసు వేసినప్పుడు పక్కనే నిలబడి తస్బీహ్ త్రిప్పుతున్నాను. ఇప్పుడు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనైనా గొలుసుతో బంధించటాన్ని నిషేధించింది. మనకు మాత్రం చట్టం వచ్చేదాకా ఆగవలసిన అవసరం లేదు. 1154లో సుల్తాన్ నూరుద్దీన్ జంగీ డమాస్కస్‌లో కట్టించిన ఆసుపత్రి, 1354లో అలెప్పోలో వెలసిన అర్గూన్ ఆసుపత్రి మన చరిత్రలోనివే. రెండవదాని ప్రాంగణంలో నీటి ఫౌంటెన్లు కట్టారు, మతి చలించినవారు ఆ నీటి చప్పుడు వింటూ ఊరట చెందాలని. ఆ వారసత్వం మనది. మా ఇంట్లో దొరికింది మాత్రం ఇనుప గొలుసు.

తరువాత ఇంటి పెద్దలు చేసిన పని పాఠకులలో చాలామందికి తెలిసినదే. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడన్నారు. ఆడపిల్ల తరఫువారికి ఏమీ చెప్పకుండా చేశారు. మా మరదలు ఇరవై మూడేళ్ళుగా మోస్తున్న భారానికి సంబంధించిన లెక్క అల్లాహ్ దగ్గర ఉంది. అందులో మా పేర్లన్నీ ఉంటాయని నా భయం.

నిద్ర పట్టని రాత్రుల్లో ఎవరో కల్లు అలవాటు చేశారు. మా ప్రాంతపు దుకాణాల్లో అమ్మే కల్లు చాలావరకు చెట్టు నుంచి దిగింది కాదు. నీళ్ళలో ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు పదార్థాలు కలిపి చేసే ద్రవం. త్రాగినవాడికి నిద్ర పడుతుంది. మా తమ్ముడికి కావలసిందీ అదే. జబ్బు అతన్ని మత్తు వైపు నెట్టింది, మత్తు జబ్బును ముదరబెట్టింది. ఒకదానికి చికిత్స చేసి రెండవదాన్ని వదిలేస్తే రెండూ తిరిగి వస్తాయని, రెంటికీ కలిపే వైద్యం జరగాలని తరువాత డాక్టరమ్మ చెప్పింది. మేము మాత్రం పన్నెండేళ్ళు అతన్ని త్రాగుబోతుగానే చూశాము. రోగిగా చూడలేదు.

2015లో అధికారులు కల్తీ కల్లు మీద దాడులు చేసి దుకాణాలు మూయించారు. మంచి పనే. కాని ఏళ్ళ తరబడి అలవాటు పడిన శరీరానికి ఆ మందు హఠాత్తుగా ఆగిపోతే ఏమవుతుందో ముందుగా ఎవరూ ఆలోచించలేదు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వందలాది మంది వణుకు, మూర్ఛలు, పలవరింతలతో ఆసుపత్రుల పాలయ్యారు. మా తమ్ముడికీ మూడవ రోజున మూర్ఛ వచ్చింది. అబ్బా సూరా యాసీన్ ఓదుతూ కూర్చున్నారు. మరదలే ఆటో పిలిచింది. ఇక్కడ ఒక మాట ప్రతి కుటుంబమూ గుర్తుంచుకోవాలి. రోజూ ఎక్కువగా త్రాగేవాడు గానీ, నిద్రమాత్రలకు బానిసైనవాడు గానీ పశ్చాత్తాపంతో ఒక్కసారిగా మానివేస్తే ప్రాణం మీదికి రావచ్చు. తౌబా ఈ క్షణమే చేసుకోవాలి. శరీరాన్ని మాత్రం వైద్యుని పర్యవేక్షణలో విడిపించాలి. దివ్య ఖుర్‌ఆన్‌లో మద్య నిషేధం సైతం దశలవారీగానే అవతరించిన సంగతి మనకు తెలుసు. ముందు లాభం కంటే పాపం ఎక్కువన్న హెచ్చరిక, తరువాత మత్తులో నమాజుకు రావద్దన్న ఆజ్ఞ, చివరకు మాయిదా సూరాలో సంపూర్ణ నిషేధం.

ఆసుపత్రిలో నెలరోజులున్నాడు. జబ్బు పేరు తెలిసింది. లిథియం మాత్రలు మొదలయ్యాయి. ఇంటికి వచ్చాక కథ సుఖాంతమైందని అనుకున్నాము. అసలు కథ అప్పుడే మొదలైంది. మానటం ఒక నెల పని. మానిన తరువాత బ్రతకటం ఏళ్ళ తరబడి సాగే పని. ఏ దారిన వెళ్తే కల్లు దుకాణం ఎదురవదో ఆ దారినే నడవాలి. వేళకు నిద్రపోవాలి. మాత్ర మరచిపోరాదు. పాత స్నేహితుని వలీమాకు వెళ్ళాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాలి. పన్నెండేళ్ళలో చేసిన అప్పులు, అన్న మాటలు ఒక్కొక్కటీ తీర్చుకోవాలి. ఇవి బయటివారికి కనబడవు.

2016లో అబ్బా వఫాత్ అయ్యారు. జనాజా అయిన మూడవ రాత్రి తమ్ముడు త్రాగాడు. ఒక్క రాత్రే. తెల్లవారి తానే వచ్చి నాతో చెప్పాడు. నేను మాట్లాడలేదు. మూడు నెలలు అతనితో సలాం కూడా కలపలేదు. ఆ రోజుల్లోనే ఒక ఉదయం హదీసు పాఠంలో ఒక ఉల్లేఖనం వచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించినది, బుఖారీ గ్రంథంలో ఉంది. దైవప్రవక్త (స) కాలంలో అబ్దుల్లాహ్ అనే ఒకాయన ఉండేవారు. ఆయనను హిమార్ అనే మారుపేరుతో పిలిచేవారు. దైవప్రవక్త (స)ను నవ్విస్తూ ఉండేవారు. మద్యం త్రాగినందుకు శిక్ష పొందారు. మరల పట్టుబడి వచ్చినప్పుడు, ఎన్నిసార్లు తెస్తారు ఇతన్ని అంటూ సభలో ఒకరు శపించారు. దైవప్రవక్త (స) ఆ శాపాన్ని వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉన్నదని తనకు తెలుసునని అన్నారు. ఆ పాఠం నేను ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. శిక్ష రద్దు కాలేదన్న విషయం మీద, ధర్మశాస్త్ర సూక్ష్మాల మీద చాలా చెప్పేవాణ్ణి. ఆ ఉదయం మాత్రం గొంతు పెగలలేదు. పాఠం ఆపి, సైకిలు తీసుకుని దుకాణానికి వెళ్ళాను. తమ్ముడు ఒక మోటారు విప్పి కూర్చున్నాడు. “కూర్చోండి భాయీజాన్, చాయ్ తెప్పిస్తాను” అన్నాడు. అంతే.

ఇక నా పెద్ద తప్పు. 2018లో రంజాన్ మే నెల నడి ఎండల్లో వచ్చింది. తమ్ముడు ఆరోగ్యంగా ఉన్నాడు, దుకాణం నడుస్తున్నది. “రోజా ఉండవచ్చా?” అని నన్ను అడిగాడు. డాక్టరును అడిగావా అని నేను అడగలేదు. ఇంత బాగున్నవాడికి మినహాయింపు ఏమిటి, అల్లాహ్ మీద భరోసా పెట్టుకో అన్నాను. ఒక మౌల్వీ నోటి నుంచి వచ్చిన మాట కదా, అతను శిరసావహించాడు. పదవ రోజు అసర్ నమాజుకు మస్జిదుకు వస్తూ గుమ్మంలోనే తూలాడు. మాట ముద్దగా వస్తున్నది. చేతులు వణుకుతున్నాయి. పంక్తిలో ఎవరో “మళ్ళీ మొదలుపెట్టాడు, అదీ రంజాన్‌లో” అన్నారు. నేను దగ్గరకు వెళ్ళి, అందరి ముందూ, అతని నోరు వాసన చూశాను.

వాసన లేదు. లిథియం ఒక లవణం. దాన్ని శరీరం నుంచి బయటకు పంపేవి మూత్రపిండాలు. ఒంట్లో నీరు తగ్గితే అవి లిథియంను పట్టి ఉంచుతాయి. రక్తంలో 0.6 నుంచి 1.2 మధ్య ఉండవలసిన మోతాదు 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. వాంతులు, విరేచనాలు, వణుకు, తూలటం, మాట తడబడటం. చూసేవారికి అచ్చం త్రాగినట్టే ఉంటుంది. ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు కూడా ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. రెండు రోజులు సెలైన్ ఎక్కించాక అతను తేరుకున్నాడు. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి, “మీరు చదువుకున్నవారు కదండీ, ఒక్క ఫోను చేయలేకపోయారా?” అన్నది. ఆమె హిందువు. రోగికి ఉపవాసంలో మినహాయింపు ఉందని మీ గ్రంథమే చెబుతుందని విన్నానన్నది. బఖరా సూరా నాకు కంఠస్థం.

అప్పటి నుంచి అతను ఉపవాసం ఉండడు. కోలుకునే ఆశ ఉన్న రోగి తరువాతి రోజుల్లో ఖజా చేసుకోవాలి. జీవితకాలం మందు వాడవలసినవాడు ఒక్కొక్క ఉపవాసానికి బదులుగా ఒక పేదకు భోజనం పెట్టాలి. మందు ఏది, మోతాదు ఎంత, ఉపవాసం సాధ్యమా అన్నది తేల్చవలసినది వైద్యుడు. ఆయన మాట విన్న తరువాతనే మా వంటివారు ఫత్వా చెప్పాలి. వేరే మందులు వాడేవారిలో కొందరు వేళలు మార్చుకుని ఉపవాసం ఉండగలరు కూడా. ఇంకొక విషయం ఇమాములు గమనించాలి. బైపోలార్ ఉన్నవారికి నిద్ర చెడటమే జబ్బు తిరగబెట్టే మొదటి మెట్టు. తరావీహ్, తహజ్జుద్, సహ్రీల మధ్య రాత్రంతా మేలుకునే యువకునిలో ఉత్సాహం హద్దు మీరుతుంటే దాన్ని భక్తిగా భావించి మెచ్చుకోకండి, ఇంటివారికి చెప్పండి.

మానసిక రుగ్మత ఈమాన్ బలహీనత వల్ల వస్తుందనే మాట నేను కూడా వేదికల మీద అన్నవాణ్ణే. పదవ శతాబ్దంలో 934 వరకు జీవించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరాల, ఆత్మల ఆరోగ్యం గురించి ఒక గ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం కనబడని దుఃఖం వేరని, రెండవది దేహంలోని మార్పు వల్ల పుడుతుందని, దానికి దేహచికిత్స కావాలని వెయ్యేళ్ళ క్రితమే అన్నారు. దుఆ మానమని ఎవరూ అనటం లేదు. తమ్ముడు మాత్ర నోట్లో వేసుకునేటప్పుడు బిస్మిల్లాహ్ అంటాడు. రెండూ ఒక్క గుటకలో లోపలికి పోతాయి.

ఎవరింట్లోనైనా ఈ అవస్థ ఉంటే, టెలిమానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ 14416 నంబరులో 2022 అక్టోబరు నుంచి ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు. మత్తు అలవాట్ల విషయంలో 14446. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రి, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎర్రగడ్డ అన్న పేరును తిట్టుగా వాడటం మన ఇళ్ళలో మానుకుంటే అక్కడికి వెళ్ళవలసినవారు కాస్త ముందుగా వెళతారు.

మొన్న షాబాన్ నెలలో తమ్ముడి కూతురికి సంబంధం వచ్చింది. అబ్బాయి తండ్రి ముందుగా నన్ను కలిసి, మీ తమ్ముని గురించి చెప్పండి అన్నారు. అల్లాహ్ కప్పి ఉంచిన పాత పాపాన్ని మనం విప్పరాదు. అయితే నికాహ్ విషయంలో సలహా అడిగినవారికి నిజం దాచనూ రాదు. ఆ రెంటి మధ్య నాకు మాట దొరకలేదు. అతన్నే అడగండి అన్నాను. మరుసటి రోజు తమ్ముడు వారిని దుకాణంలో కూర్చోబెట్టి అన్నీ చెప్పాడట. కల్లు, గొలుసు, మూర్ఛ, లిథియం, మూడు నెలలకొకసారి రక్తపరీక్ష, షట్టరు దించి త్రాగే నీళ్ళు. తన పెళ్ళిలో దాచిన సంగతి కూడా చెప్పాడు. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి ఒక్క ప్రశ్న వేశారట, మాత్రలు రోజూ ఎవరు గుర్తు చేస్తారని.

“అమ్మాయే. పెళ్ళయితే ఇక నేను ఫోనులో అలారం పెట్టుకోవాలి” అన్నాడు తమ్ముడు.

నికాహ్ షవ్వాల్ నెలకు ఖాయమైంది.